పాడేరు లోయలు, జలపాతాలు: వెళ్ళే ముందు అందరూ అడిగే ప్రశ్నలు

అరకుకి వెళ్ళి అట్నుంచి అటే తిరిగొచ్చేవాళ్ళు ఇప్పుడు అదే అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు, జి.మాడుగుల, లంబసింగి వైపు కూడా చూస్తున్నారు. చలికాలం దగ్గరపడితే చాలు, తెలిసినవాళ్ళందరి నుంచీ అవే సందేహాలు: ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ ఉండాలి, నీళ్ళల్లోకి దిగొచ్చా, భయం లేదా. ఎక్కువగా వచ్చేవాటికి ఇక్కడ జవాబులు రాశాను. ప్రయాణంలో మీరు ఏ దశలో ఉంటే ఆ భాగం చదువుకోండి.

## ప్లాన్ వేసుకునేటప్పుడు

అరకు చూసేశాం. మళ్ళీ పాడేరు వైపు వెళ్తే కొత్తగా ఏముంటుంది?

రెండూ ఒకే తూర్పు కనుమల్లో ఉన్నాయి, ఎత్తు కూడా ఇంచుమించు ఒకటే, సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్లు. కానీ 1960లలో ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం అరకు మీదుగా వెళ్ళింది. దాని వెంటే హోటళ్ళు, మ్యూజియం, టూరిస్టు బస్సులూ వచ్చాయి. పాడేరుకి రైలు లేదు. అందుకే ఇక్కడి లోయలు చాలాకాలం ఆ ఊళ్ళవాళ్ళకి, సంతలకి వచ్చే వ్యాపారులకి, ఉద్యోగులకి మాత్రమే తెలుసు. లంబసింగి చలి, వంజంగి కొండ మీద నుంచి కనిపించే మేఘాలు, కొత్తపల్లి జలపాతం బయటివాళ్ళకి తెలిసింది ఈమధ్యే, అదీ ఎక్కువగా ఫోన్ వీడియోల వల్ల.

ఇక్కడ కొండల మధ్య మెట్లు మెట్లుగా వరి మళ్ళు ఉంటాయి, వాటి అంచున గెడ్డ (కొండవాగు) పారుతుంటుంది, వాలులో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లనే పట్టుకుని పైకి పాకే మిరియాల తీగలు. గెడ్డ ఒక్కసారిగా రాతి అంచు మీద నుంచి దూకిన చోటల్లా ఒక జలపాతం. పేరున్నవి కొన్నే, పేరు లేనివి ఎన్నో.

ఏ నెలలో వెళ్తే జలపాతాల్లో నీళ్ళుంటాయి? మేఘాలు ఏ నెలలో?

రెండూ కావాలంటే అక్టోబరు రెండో వారం నుంచి డిసెంబరు మొదటి వారం దాకా. వానలు తగ్గి నీళ్ళు తేటపడతాయి, ధార మాత్రం ఇంకా బలంగానే ఉంటుంది, తెల్లవారుజామున లోయలో మేఘం నిలుస్తుంది. నవంబరులో వలిసె పూలు కూడా పూస్తాయి, కొండ వాలు మొత్తం పసుపు రంగే. అయితే బంగాళాఖాతంలో తుపాన్లు వచ్చేది కూడా అప్పుడే కాబట్టి బయలుదేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడకుండా కదలకండి.

జులై నుంచి సెప్టెంబరు దాకా జలపాతాలు భీకరంగా ఉంటాయి, కానీ దగ్గరికి వెళ్ళే అవకాశం తక్కువ, ఘాట్‌లో కొండచరియలు కూడా పడుతుంటాయి. డిసెంబరు, జనవరి చలి కోసం వెళ్ళేవాళ్ళకి. ఫిబ్రవరి తర్వాత ధార సన్నబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో జలపాతం కోసమే అంత దూరం వెళ్తే నిరాశపడతారు.

శని, ఆదివారాల్లో వెళ్ళి వచ్చేయొచ్చా?

వచ్చేయొచ్చు. వద్దనే నా సలహా. శనివారం రాత్రి బయలుదేరి, తెల్లారి వంజంగి ఎక్కి, మధ్యాహ్నం జలపాతం చూసి, సాయంత్రం నిద్రమత్తులో ఘాట్ దిగేవాళ్ళు ప్రతి సీజన్లో కనిపిస్తారు. ఆ పద్ధతిలో ప్రమాదం ఎక్కువ, చూసేది తక్కువ, ఊరికి మిగిలేది చెత్త. రెండు రాత్రులు ఒకే చోట బస పెట్టుకోండి, వీలైతే సోమవారం నుంచి గురువారం మధ్యలో. సంక్రాంతి సెలవులు, డిసెంబరు ఆఖరి వారం అయితే వంజంగి దారిలో బళ్ళు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోతాయి.

ఇంట్లో పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉన్నారు. ఏ జలపాతం మాకు వీలవుతుంది?

కొత్తపల్లి. లంబసింగి నుంచి తాజంగి మీదుగా జి.మాడుగుల వెళ్ళే దారిలో ఉంటుంది. బండి దాదాపు దగ్గరి దాకా వెళ్తుంది, దిగడానికి మెట్లు కట్టారు. నీళ్ళు ఒకే దూకుగా కాకుండా అంచెలంచెలుగా జారుతూ వస్తాయి కాబట్టి కొంచెం దూరాన కూర్చుని కూడా హాయిగా చూడొచ్చు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పై అంచె దగ్గరే ఆగిపోవడం మంచిది, దిగినంత తేలిక కాదు ఎక్కడం.

అరకు–పాడేరు దారిలో డుంబ్రిగూడ దగ్గర చాపరాయి కూడా పిల్లలున్న కుటుంబాలకి వీలే. అక్కడ నీళ్ళు ఏటవాలు బండ మీద పరుచుకుని పారతాయి. లోతు లేదు కదా అని పిల్లల్ని వదిలేయకూడదు, ఆ బండ మీద నాచు విపరీతంగా జారుతుంది. పెదబయలు మండలంలోని తారాబు జలపాతం చాలా గొప్పది కానీ నడక, దారి రెండూ కష్టం. అక్కడికి వయసులో ఉన్నవాళ్ళు, స్థానికుల తోడుతో మాత్రమే వెళ్ళాలి.

అది మావోయిస్టుల ఏరియా కదా, భయం లేదా?

ఈ భయానికి చరిత్ర ఉంది. 2018 సెప్టెంబరులో డుంబ్రిగూడ మండలం లివిటిపుట్టు దగ్గర అప్పటి అరకు ఎమ్మెల్యేని, మాజీ ఎమ్మెల్యేని మావోయిస్టులు కాల్చి చంపారు. ఆ తర్వాత పరిస్థితి చాలా మారింది. పాడేరు, లంబసింగి, అరకు ప్రధాన రోడ్ల మీద సీజన్లో తెల్లవారుజామున మూడింటికి కూడా టూరిస్టు బళ్ళు తిరుగుతుంటాయి. ఒడిశా సరిహద్దు వైపు లోపలి ఊళ్ళకి వెళ్ళాలనుకుంటే మాత్రం ఆ మండలం పోలీస్ స్టేషన్లో ఒక మాట అడిగి వెళ్ళండి. జులై ఆఖరులో, డిసెంబరు మొదటి వారంలో మావోయిస్టులు వారోత్సవాలు జరుపుతారు కాబట్టి తనిఖీలు ఎక్కువగా ఉండొచ్చు, రాత్రి బస్సులు తగ్గించొచ్చు.

పర్మిషన్ ఏమైనా తీసుకోవాలా?

మామూలుగా తిరగడానికి అక్కర్లేదు. వంజంగి, కొత్తపల్లి లాంటి చోట్ల ప్రవేశ రుసుం, పార్కింగ్ రుసుం అక్కడే కట్టించుకుంటారు. అడవిలో రాత్రి బస చేయడానికి, సినిమా లేదా పెళ్ళి షూటింగులకి మాత్రం అటవీ శాఖ అనుమతి కావాలి.

## దారిలో

హైదరాబాద్ నుంచి రైల్లో వస్తే ఎక్కడ దిగాలి?

ముందు లంబసింగి వెళ్తారా, పాడేరు వెళ్తారా తేల్చుకోండి. లంబసింగికైతే తునిలో దిగి నర్సీపట్నం మీదుగా వెళ్ళడం దగ్గర. పాడేరుకైతే అనకాపల్లి లేదా విశాఖపట్నం. ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది: నర్సీపట్నం రోడ్ అనే స్టేషన్ పేరు చూసి, ఊరు పక్కనే ఉంటుందనుకుని దిగుతారు. ఆ స్టేషన్ నుంచి నర్సీపట్నం పట్టణం పాతిక కిలోమీటర్లకి పైనే. తెల్లవారుజామున అక్కడ దిగితే బండి దొరకడం కష్టం.

వైజాగ్ నుంచి పాడేరుకి ఏ దారి మంచిది?

చోడవరం, వడ్డాది, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కే దారి అందరూ వాడేది. సుమారు 110 కిలోమీటర్లు, ఆగుతూ వెళ్తే మూడున్నర, నాలుగు గంటలు. మాడుగులలో హల్వా కొనుక్కోండి, గోధుమపాలతో చేసేది, చాలా రోజులు నిలవుంటుంది. అరకు కూడా చూడాలంటే ఎస్.కోట (శృంగవరపుకోట) ఘాట్ ఎక్కి, అరకు, డుంబ్రిగూడ మీదుగా పాడేరు చేరి, తిరుగు ప్రయాణంలో మాడుగుల ఘాట్ దిగండి. వచ్చిన దారినే మళ్ళీ వెళ్ళక్కర్లేదు. రాజమండ్రి నుంచి రంపచోడవరం, లంబసింగి, పాడేరు, అరకులని కలుపుతూ వెళ్ళే 516ఈ జాతీయ రహదారి వల్ల ఈ ఊళ్ళ మధ్య ప్రయాణం మునుపటికంటే తేలికైంది.

ఘాట్ రోడ్డు మీద నడపడం అలవాటు లేదు. ఇబ్బందా?

పగలు అయితే నెమ్మదిగా నడపొచ్చు. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి, బ్రేకు మీద కాలు అలాగే పెట్టి దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. ఎక్కే బండికి దారి ఇవ్వండి. ప్రతి మలుపులో హారన్. పొగమంచులో హెడ్‌లైట్లు డిమ్‌లోనే ఉండాలి, హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లటి గోడ తప్ప ఇంకేం కనబడదు. రాత్రంతా డ్రైవ్ చేసి వచ్చి తెల్లారుజామున ఘాట్ ఎక్కే ప్లాన్ మాత్రం మానుకోండి. కింద నర్సీపట్నంలోనో చోడవరంలోనో నాలుగు గంటలు పడుకుని బయలుదేరితే పోయేదేం లేదు.

సొంత బండి లేదు. బస్సుల్లో తిరగొచ్చా?

పాడేరు, చింతపల్లి, అరకులకి ఆర్టీసీ బస్సులున్నాయి. అక్కణ్ణుంచి జలపాతాలకి ఆటోలు, జీపులు మాట్లాడుకోవాలి. షేర్ జీపులు సంత రోజుల్లో బాగా తిరుగుతాయి, మిగతా రోజుల్లో సాయంత్రం నాలుగు దాటితే దొరకవు. ఒక రోజంతటికీ ఒక ఆటో మాట్లాడుకోవడం తెలివైన పని. ఆ డ్రైవరు అదే ఊరివాడైతే దారి గురించి, గెడ్డ గురించి మీకు ఏ మ్యాపూ చెప్పని సంగతులు చెప్తాడు.

చెక్‌పోస్టు దగ్గర బ్యాగులన్నీ విప్పించారు. ఎందుకు?

గంజాయి రవాణాని పట్టుకోవడానికి. దశాబ్దాలుగా ఈ ప్రాంతాన్ని పీడిస్తున్న సమస్య అది, బయటి వ్యాపారులు లాభపడి ఇక్కడి కుర్రాళ్ళు జైళ్ళ పాలయ్యారు. పోలీసులు వెతికితే విసుక్కోకుండా సహకరించండి. ఎవరైనా "ఈ సంచి వైజాగ్‌లో మావాళ్ళకి ఇవ్వండి" అంటే తీసుకోవద్దు. తెలియని మనిషికి లిఫ్ట్ ఇచ్చేటప్పుడు అతని సామాను మీ బండిలోకి ఎక్కుతోందన్న సంగతి గుర్తుంచుకోండి. ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కింద కేసు పడితే బెయిలు దొరకడమే కష్టం.

ఊరి ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా తాడు పట్టుకుని డబ్బులడిగారు. ఇవ్వాలా?

మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో అయితే అది ఇటుకల పండుగ అయ్యుంటుంది. చైత్రమాసంలో మన్యం అంతా చేసుకునే పండుగ. మగవాళ్ళు వేటకి వెళ్తే ఆడవాళ్ళు దారిలో పాడుతూ, థింసా నృత్యం ఆడుతూ బళ్ళు ఆపుతారు. పదో ఇరవయ్యో ఇచ్చి, ఒక నిమిషం ఆగి పాట వినండి. చిల్లర దగ్గర పెట్టుకుంటే చాలు, భయపడాల్సిన పని లేదు.

## బస, తిండి

టెంట్ మంచిదా, లాడ్జి మంచిదా, హోమ్‌స్టేనా?

కుటుంబంతో వెళ్తే పాడేరులో గది తీసుకోండి. వేడినీళ్ళు, మందుల షాపు, ఆసుపత్రి అన్నీ దగ్గర. మే నెలలో మోదకొండమ్మ జాతర రోజుల్లో మాత్రం పాడేరులో గది దొరకదు. లంబసింగి చుట్టుపక్కల టెంట్లు కుర్రకారుకి బావుంటాయి. కానీ డబ్బు కట్టే ముందు మూడు సంగతులు అడగండి: టాయిలెట్ టెంట్‌కి ఎంత దూరం, రాత్రి పది తర్వాత స్పీకర్లు ఆపుతారా, ఆ స్థలం ఎవరిది.

మూడో ప్రశ్నే ముఖ్యమైనది. ఊరి కుటుంబమే నడిపే చోట ఉంటే మీరు కట్టిన డబ్బు ఆ ఊళ్ళోనే ఉంటుంది. బయటివాళ్ళు నడిపే చోట ఆ ఇంటి కుర్రాడికి దొరికేది గిన్నెలు కడిగే పని. లోయ వాళ్ళది, దారి చూపేది వాళ్ళు, చెత్త ఎత్తేదీ వాళ్ళే. రాబడిలో పెద్ద వాటా కూడా వాళ్ళకే చేరాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఆడవాళ్ళకి టాయిలెట్లు ఉంటాయా?

పేరున్న చోట్ల పార్కింగ్ దగ్గర ఉంటాయి, కానీ రద్దీ రోజుల్లో వాడే స్థితిలో ఉండవు. కొండ మీద ఉండవు. బసలోనే చూసుకుని బయలుదేరండి, ఘాట్ ఎక్కే ముందు చోడవరం, నర్సీపట్నంలలో పెట్రోలు బంకుల్లో ఆగండి. వాడిన ప్యాడ్లు కాగితంలో చుట్టి వెనక్కి తెచ్చుకోండి, గెడ్డ పక్కన పడేస్తే అవి కింది ఊరి తాగునీళ్ళలోకి చేరతాయి. పర్యాటకం పెంచుతామని చెప్పే ప్రతి ప్రభుత్వమూ వ్యూ పాయింట్ల కంటే ముందు కట్టాల్సింది ఇవే.

నిజంగా సున్నా డిగ్రీలు ఉంటుందా? ఏం బట్టలు తీసుకెళ్ళాలి?

డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు సున్నాకి దగ్గరగా వెళ్తుంది. పేపర్లలో వచ్చే అంకెలు ఎక్కువగా చింతపల్లి వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో నమోదైనవి. ఆ సీజన్లో మామూలుగా ఐదు నుంచి పది డిగ్రీలు ఉంటుందనుకోండి. మందపాటి స్వెట్టర్, చెవులు కప్పే టోపీ, రెండు జతల సాక్సులు సరిపోతాయి. మధ్యాహ్నం ఎండ చుర్రుమంటుంది కాబట్టి ఒకటే బరువైన జాకెట్ కంటే విప్పుకోగలిగేలా రెండు పొరలు మేలు.

బొంగు చికెన్ కాకుండా ఇంకేం దొరుకుతుంది? మేం మాంసం తినం.

పట్టణాల్లో ఇడ్లీ, దోశ, భోజనం దొరుకుతాయి. ఊళ్ళో బస చేస్తే ముందు రోజే చెప్పి రాజ్‌మా కూర చేయించుకోండి. చింతపల్లి, జి.మాడుగుల వైపు రైతులు పండించే రాజ్‌మా త్వరగా ఉడుకుతుంది, రుచి కూడా వేరు. పొద్దున్నే చోడి (రాగి) అంబలి అడగండి, చలిలో వేడివేడిగా తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. సామ అన్నం, పనస, అనాస కాలాన్ని బట్టి దొరుకుతాయి.

బొంగు చికెన్ తినేవాళ్ళకి ఒక మాట: పచ్చి వెదురు బొంగులో నూనె లేకుండా, పొయ్యి మీద తిప్పుతూ కాల్చేది అది. ముప్పావుగంట పడుతుంది. పది నిమిషాల్లో తెచ్చి ఇచ్చారంటే వేరే గిన్నెలో వండి బొంగులో నింపారని అర్థం.

ఫోన్ సిగ్నల్, ఏటీఎం, పెట్రోలు సంగతేంటి?

మండల కేంద్రాల్లో ఇబ్బంది లేదు. లోపలి ఊళ్ళలో సిగ్నల్ పోతుంది, దాంతో ఫోన్‌పే కూడా పోతుంది. పదులు, ఇరవైలు, యాభైలతో నగదు ఉంచుకోండి. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పెట్రోలు పాడేరు, చింతపల్లి, అరకులలో నింపుకోవాలి.

## జలపాతం దగ్గర

దిగి స్నానం చేయొచ్చా?

ధార నేరుగా పడే గుండంలో చేయకూడదు. ఈత వచ్చినా సరే. ఈ కొండల్లో ప్రాణాలు పోయేది ఎక్కువగా అక్కడే. అనంతగిరి వైపు సరియా జలపాతం దగ్గర మునిగిపోయినవాళ్ళలో ఈత వచ్చిన కుర్రాళ్ళు కూడా ఉన్నారు.

పై నుంచి పడిన నీరు గుండం అడుగుకి వెళ్ళి, మళ్ళీ పైకి లేచి, ధార వైపే వెనక్కి తిరుగుతుంది. అందులో పడ్డ మనిషి ఒడ్డుకి ఈదుతున్నాననుకుంటాడు, నీళ్ళు మాత్రం లోపలికే లాగుతుంటాయి. పైగా నురుగులో గాలి ఎక్కువ, మనిషి తేలడు. ఎండలో నుంచి ఒక్కసారిగా ఆ చల్లటి నీళ్ళలోకి దూకితే ఊపిరి బిగుసుకుపోతుంది. నీళ్ళ కింద రాయి ఎక్కడుందో, ఎక్కడ గొయ్యి ఉందో పై నుంచి తెలియదు.

స్నానం చేయాలంటే ధారకి బాగా దిగువన, అడుగు కనబడేచోట, మోకాలి లోతు దాటకుండా చేయండి. స్థానికులు ఎక్కడ దిగుతున్నారో చూసి అక్కడే దిగండి. వాళ్ళు దిగని చోట కారణం లేకుండా ఉండదు. మద్యం తాగినవాళ్ళని నీళ్ళ దగ్గరికి రానివ్వకండి, స్నేహితులతో గొడవైనా సరే.

పైన కొండల్లో వాన పడుతుంటే కింద మనకి ఎలా తెలుస్తుంది?

మీ నెత్తిన ఎండే ఉండొచ్చు. గెడ్డ ముందే చెప్తుంది, చూడడం తెలియాలి. తేటగా ఉన్న నీళ్ళలో సన్నటి ఎర్ర చార ఒకటి కలుస్తుంది. తర్వాత ఎండుటాకులు, పుల్లలు, నురుగు ముద్దలు కొట్టుకొస్తాయి. అప్పటిదాకా పొడిగా ఉన్న రాయి అంచు తడుస్తుంది. శబ్దం కొంచెం లావవుతుంది. వీటిలో ఏ ఒక్కటి కనబడినా చెప్పులు, ఫోన్లు, బ్యాగులు వెతుక్కోకుండా ముందు ఒడ్డెక్కండి. గెడ్డ మధ్యలో ఉన్న బండ మీద కూర్చుని ఫొటోలు దిగేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. నీళ్ళు పెరిగాక అటూ ఇటూ దారి ఉండదు.

ఎవరైనా మునిగిపోతుంటే ఏం చేయాలి?

వెనకాలే దూకకండి, ఒకరికి ఇద్దరు పోయేది అలాగే. చీర, చున్నీ, లుంగీలు కలిపి ముడేసి విసరండి, పొడవాటి కర్ర అందించండి, ఖాళీ నీళ్ళ సీసాలు సంచిలో కట్టి విసిరినా పట్టుకుని తేలడానికి పనికొస్తుంది. కేకలు వేసి ఊరివాళ్ళని పిలవండి, సిగ్నల్ ఉన్న చోటికి ఒకర్ని పరిగెత్తించి 108, 112 లకి ఫోన్ చేయించండి. పాడేరులో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. బయటికి తీశాక ఊపిరి ఆడకపోతే కడుపు నొక్కి నీళ్ళు కక్కించే ప్రయత్నంతో సమయం పోగొట్టకండి, నోటితో ఊపిరి ఇస్తూ ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. అది ఇంట్లో ఒక్కరైనా నేర్చుకుని ఉండాల్సిన విద్య.

వంజంగి ఎక్కడం కష్టమా? ఎన్నింటికి బయలుదేరాలి?

రోజూ నడిచే అలవాటున్నవాళ్ళకి గంటలోపు నడక, చివర్లో నిటారుగా ఉంటుంది. పాడేరులో బస చేస్తే తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే సరిపోతుంది. టార్చ్, పట్టున్న బూట్లు, ఒక నీళ్ళ సీసా. మేఘం ప్రతి రోజూ ఉంటుందని హామీ లేదు. ముందు రోజు కొంచెం వాన పడి, రాత్రి ఆకాశం తేటపడి, గాలి ఆగితే మంచి అవకాశం. సూర్యుడు రాగానే దిగిపోకండి. జనం వెళ్ళిపోయాక, ఏడున్నర ప్రాంతంలో మేఘం చీలి కింద ఒక్కో ఊరి పైకప్పులు, పొలం గట్లు బయటపడుతుంటాయి, నాకైతే ఆ అరగంటే ఎక్కువ నచ్చుతుంది.

జలగలు, దోమలు ఉంటాయా?

వానాకాలంలో తడి ఆకుల మీద జలగలుంటాయి. ఉప్పు లేదా పసుపు వెంట ఉంచుకోండి, పట్టుకుంటే పీకకుండా ఉప్పు వేయండి. మలేరియా ఒకప్పటి స్థాయిలో లేదు కానీ పోలేదు. సాయంత్రం నిండు చేతుల చొక్కా వేసుకుని, దోమల మందు రాసుకోండి. ఊరికి తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే ఏజెన్సీకి (మన్యం ప్రాంతానికి) వెళ్ళొచ్చామని డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

చలిమంట వేసుకోవచ్చా?

బస దగ్గర, వాళ్ళు చూపిన చోట వేసుకోండి. కొండ మీద వద్దు. డిసెంబరు నాటికి గడ్డి ఎండిపోయి ఉంటుంది.

## ఊళ్ళలో, తోటల్లో

గిరిజనుల ఫొటోలు తీయొచ్చా?

అడిగి తీయండి, వద్దంటే ఆపేయండి. ఇక్కడ భగత, కొండదొర, కోటియా, వాల్మీకి, సామంత, పోర్జ, గదబ ఇలా ఎన్నో తెగలవాళ్ళున్నారు. అందరూ ఒకటే అనుకోవద్దు. స్నానాల రేవు, ఇంటి లోపల, దేవుడి చెట్టు దగ్గర కెమెరా బయటికే తీయకండి. వయసులో పెద్దవాళ్ళని "నువ్వు" అనకండి, మీ ఊళ్ళో పిలిచినట్టే అమ్మా, తాతా, అన్నా అనండి. హుకుంపేట మండలం మఠం దగ్గర మత్స్యగుండంలో చేపల్ని దేవుళ్ళుగా కొలుస్తారు. చూడండి, మరమరాలు వేయండి, పట్టే ప్రయత్నం చేయకండి.

పిల్లలకి చాక్లెట్లు, పెన్నులు పంచొచ్చా?

రోడ్డు మీద పంచకండి. ప్రతి బండి వెనకా పిల్లలు పరిగెత్తడం అలాగే అలవాటవుతుంది, మలుపుల్లో ప్రమాదం. ఇవ్వాలనిపిస్తే ఊరి బడిలో టీచరుకి ఇవ్వండి.

కాఫీ తోటలోకి వెళ్ళి చూడొచ్చా?

రైతుని అడిగి, ఆయన వెంటే వెళ్ళండి. 2025లో అరకు వైపు తోటల్లో కాఫీ కాయ తొలుచు పురుగు కనబడింది. చిన్న పురుగు, కాయలోకి దూరి గింజని తొలిచేస్తుంది. ఒక తోటలో తెంపిన కాయ జేబులో వేసుకుని ఇంకో తోటకి వెళ్తే పురుగుని మోసుకెళ్ళినట్టే. నవంబరు నుంచి పండ్లు ఎర్రబడి కోతలు మొదలవుతాయి, అప్పుడు చూడ్డానికి బావుంటుంది. చూడండి, తెంపకండి.

సంతకి వెళ్ళాలనుంది. ఎప్పుడు, ఎలా?

మండలానికో రోజు జరుగుతుంది, మీ బస యజమానిని అడిగితే ఆ వారం దగ్గర్లో ఏ సంతో చెప్తారు. ఉదయం పదిలోపు వెళ్ళండి. కొండ మీద ఊళ్ళ నుంచి తలల మీద మోసుకొచ్చిన సరుకు అప్పుడే దించుతుంటారు: పసుపు కొమ్ములు, పిప్పళ్ళు, అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు, అల్లం. రాజ్‌మా చాలాచోట్ల తూకం లేకుండా మానికతో కొలిచి పోస్తారు. నిండిన మానిక మీద ఇంకో గుప్పెడు గుట్టగా వేసి మరీ ఇస్తారు. అలాంటి చోట ఐదు రూపాయల కోసం బేరం ఆడకండి.

## తిరిగి వచ్చేటప్పుడు, ఆ తర్వాత

ఏం కొనుక్కుని రావాలి?

మిరియాలు, పసుపు, రాజ్‌మా, తేనె, కాఫీ. అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నికార్సయిన సరుకు కావాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణాలకి వెళ్ళండి, 1956 నుంచి అడవి ఉత్పత్తులు కొంటున్న ప్రభుత్వ సంస్థ అది. రోడ్డు పక్కన సీసాల్లో అమ్మే తేనె అన్నీ తేనె కాదు. కాఫీ కొనేటప్పుడు చికోరీ ఎంత శాతం కలిపారో ప్యాకెట్ మీద చూడండి.

పేరు లేని చిన్న జలపాతం ఒకటి దొరికింది. లొకేషన్ పెట్టొచ్చా?

ముందు ఆ ఊరివాళ్ళని అడగండి. కొన్ని గెడ్డల నీళ్ళే ఆ ఊరికి తాగునీళ్ళు, కొన్ని చోట్ల గ్రామదేవత ఉంటుంది. దారి, రెయిలింగు, టాయిలెట్, చెత్త డబ్బా, కాపలా మనిషి ఏవీ లేని చోటికి ఒక్క వీడియోతో వేలమందిని పంపితే తర్వాత ఏం జరిగినా భరించేది ఆ ఊరే. వాళ్ళు "రమ్మనండి, మేం చూసుకుంటాం" అంటే పెట్టండి. దాంతో పాటు అక్కడ లోతు ఎక్కడ, ఎవర్ని తోడు తీసుకెళ్ళాలి, బండి ఎక్కడ ఆపాలి అన్నవి కూడా రాయండి.

ఇంత డిమాండ్ ఉంది కదా, ఒక ఎకరం కొని రిసార్ట్ కడదామనుకుంటున్నాం. వీలవుతుందా?

మీరు గిరిజనులు కాకపోతే వీలు కాదు. ఇది రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద గిరిజనుల రక్షణ కోసం ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతం. అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచే భూ బదలాయింపు నిబంధనల ప్రకారం ఇక్కడ భూమి గిరిజనేతరుల పేరు మీదకి మారదు. అమ్మకమే కాదు, లీజు, తనఖా, బహుమతి కూడా బదలాయింపు కిందికే వస్తాయి. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదని తేల్చింది.

"స్థానికుడి పేరు మీద పెట్టి మనం నడుపుకుందాం" అని దళారులు చెప్తారు. అది బినామీ, మీ డబ్బుకి రక్షణ ఉండదు, ఆ కుటుంబం కూడా కేసుల్లో ఇరుక్కుంటుంది. నిజంగా ఈ లోయలో ఏదైనా చేయాలనుంటే, ఊళ్ళో ఇప్పటికే హోమ్‌స్టే నడుపుతున్న కుటుంబానికి అతిథుల్ని పంపండి, వాళ్ళ పిల్లలకి బుకింగులు, లెక్కలు నేర్పండి, వాళ్ళ మిరియాలు, కాఫీ మీ ఊళ్ళో అమ్మిపెట్టండి. వీటికి ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు.